విత్తనాల ప్యాకెట్లు పంచితే ఆకలి తీరుతుందా? నెల్లూరు మెట్ట సంగతి

బాబూ, మీరు అడిగింది ఇదీ: ఉదయగిరి దగ్గర మీ అమ్మమ్మగారి ఊళ్లో అరవై ఇళ్లున్నాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మీ స్నేహితులు కొందరు కలిసి కొంత డబ్బు పోగేశారు. ఆ డబ్బుతో ఇంటింటికీ కూరగాయల విత్తనాలు పంచి పెరటి తోటలు వేయించాలా, లేకపోతే పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పించాలా, ఈ రెండింట్లో దేనితో ఆకలీ పేదరికమూ తగ్గుతాయీ అని. నేను అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీరుగా మొదలుపెట్టి, తర్వాత పొదుపు సంఘాలతో వింజమూరు, కలిగిరి, వరికుంటపాడు, ఉదయగిరి మండలాల్లోనే తిరిగినదాన్ని. తెలిసినంతవరకు చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

విత్తనాలు మాత్రమే పంచే పనైతే వద్దు. చదువు మాత్రమే అన్నా సగం పనే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఒకే మనిషి చేతిలో కలిస్తేనే నిలబడతాయి. ఆ మనిషి ఆ ఇంటి ఆడమనిషి.

ముందు ఆకలి సంగతి. మీ అమ్మమ్మగారి ఊళ్లో ఇవాళ పొయ్యి వెలగని ఇల్లు బహుశా ఉండదు. మనిషికి 5 కిలోల లెక్కన రేషన్ బియ్యం వస్తున్నాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బళ్లో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక పిల్లలకు మధ్యాహ్నం పూట అన్నం ఖాయమైంది, దాంతో గుడ్డూ వస్తోంది. అయినా ఆకలి పోలేదు, ఇంకో రూపంలో ఉంది. పళ్లెం నిండా అన్నం ఉంటుంది, పక్కన ఊరగాయ ముక్కో నీళ్ల చారో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తం తక్కువ. ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో నూటికి 63 మందికి అదే పరిస్థితి. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. కడుపు నిండుతోంది గానీ ఒంటికి పట్టడం లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషి రోజుకు 400 గ్రాముల కూరలూ ఆకుకూరలూ తినాలంటుంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. వారానికోసారి సంతకు పోయే కూలి మనిషి సంచిలో ఏముంటాయో మీరే చూడండి: ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు. ఆకుకూర ఉండదు, ఉన్నా ఒక కట్టే. అది రెండో రోజుకే వాడిపోతుంది మరి. ఊరి చుట్టూ పొలాలే, ఆ పొలాల్లో జామాయిలో సుబాబులో పొగాకో ఉంటుంది, టమాటా మదనపల్లె నుంచి లారీలో దిగాలి. పెరటి తోట పూడ్చగలిగింది ఈ పళ్లెంలో పక్కనున్న ఖాళీనే. బియ్యాన్ని అది పండించదు, కూలి డబ్బును తెచ్చివ్వదు, అప్పును తీర్చదు. ఇది ముందే ఒప్పుకుని దిగితే తర్వాత నిరాశ ఉండదు.

ఇక జాగా లెక్క. మనకు సెంట్ల కంటే అంకణాల్లో చెబితే బాగా అర్థమవుతుంది. నెల్లూరు లెక్కలో అంకణమంటే 36 చదరపు అడుగులు, అంటే ఆరడుగులకు ఆరడుగుల మడి. పల్లెల్లో పేదలకు ఇచ్చిన సెంటున్నర ఇంటి స్థలం సుమారు 18 అంకణాలు. ఇల్లు, బాత్‌రూము, వాకిలి పోను నాలుగైదు అంకణాలు మిగిలితే ఎక్కువ. చాలదని పెదవి విరిచేవాళ్లున్నారు. చూడండి, ఆకుకూర మనిషికి రోజుకు 50 గ్రాములు అనుకుంటే నలుగురికి నెలకు 6 కిలోలు కావాలి. ఒక అంకణం మడిలో తోటకూర బాగా వస్తే నెల తిరిగేసరికి మూడు కిలోల పైన చేతికొస్తుంది. రెండు మళ్లు, ఒకదానికీ ఇంకోదానికీ పదిహేను రోజుల తేడాతో చల్లుకుంటే ఆ ఇంటి ఆకుకూర అక్కడే తీరిపోతుంది. మూడో అంకణంలో వంగ, మిరప, మటిక్కాయలు (గోరుచిక్కుళ్లు). నాలుగోది ఖాళీగా ఉండాలి, అక్కడ ఎరువు మాగాలి, నారు పోసుకోవాలి. పాదులు నేలమీద జాగా అడగవు. సొర, బీర, బచ్చలి, దొండ ఇంటి కప్పు మీదికో గోడ మీదికో పాకుతాయి.

మూలన ఒక మునగ. దాన్ని పైకి పోనివ్వకూడదు. నడుమెత్తు రాగానే తల తుంచితే పక్క కొమ్మలొస్తాయి, వాటినీ ఎప్పటికప్పుడు తుంచుతుంటే పదేళ్ల పిల్ల కూడా నిలబడి ఆకు కోసుకోగలదు. మనవాళ్లు కాయ కోసం పెంచి, ఆకును మేకకు వేస్తారు. అదే ఆకులో పాలలో కంటే రెట్టింపుకు పైగా సున్నం, అంటే కాల్షియం ఉంటుంది. మునగాకు పప్పు, రాగి సంగటి కలిపి ఒక పూట పెట్టినా సరే, అది నిండు పళ్లెం కింద లెక్క.

తోట ఎందుకు ఎండిపోతుందో చెబుతాను, ఎక్కువమంది ఇది చెప్పరు. మొదటిది, విత్తనాలు వేళగాని వేళ వస్తాయి. మృగశిరలో చినుకు పడుతుందన్న లెక్కతో జూన్, జూలైల్లో పంచేస్తుంటారు. గోదావరి వైపుకో తెలంగాణకో ఆ లెక్క సరిపోతుంది. నెల్లూరు జిల్లాకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలతోనే. జూన్‌లో వేసింది వడగాడ్పులకు మాడిపోతుంది, మా చేత కాదు లెమ్మని ఆ ఇల్లు అక్కడితో వదిలేస్తుంది. మన తోట చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరులో మొదలు కావాలి. తుఫాను ముంచెత్తే రోజులు కూడా అవే కాబట్టి మడి జానెడెత్తు లేపి కట్టుకోవాలి, లేకపోతే వేళ్లు కుళ్లుతాయి.

రెండోది కోళ్లు, మేకలు. కంచె లేని తోట మూడో రోజుకే ఉండదు. కంచెకు డబ్బు ఖర్చక్కర్లేదు, చిల్లకంప ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది, కానీ దాన్ని నరికి తెచ్చి కట్టడం మగవాళ్ల పని. ఆ ఇంటి మగమనిషి ఒక పూట దానికి కూర్చోకపోతే విత్తనం ఇచ్చీ లాభం లేదు. నేనైతే కంచె కట్టాకే విత్తనం ఇస్తాను. కొండల పక్క ఊళ్లకు కోతుల బెడద వేరే ఉంది. నేను చూసినంతలో కాకర, కంద, చేమ, మిరప జోలికి అవి తక్కువగా వస్తాయి. అలాంటి ఊళ్లో టమాటా, జామ అని ఆశపెట్టకండి.

మూడోది నీళ్లు. నాలుగంకణాల తోటకు ఎండాకాలంలో రోజుకు నాలుగైదు బిందెలు కావాలి. మంచినీళ్లకే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. అందుకే వాడేసిన నీళ్లతోనే ఆలోచించాలి. అంట్లు తోమే బండ పక్కన రెండడుగుల గొయ్యి తవ్వి, అడుగున ఇటుక ముక్కలు, పైన కంకర, దానిపైన బొగ్గు, ఇసుక వేస్తే నీళ్లు నిలవవు, దోమలు చేరవు. ఆ గొయ్యి చుట్టూ అరటి, చేమ పెట్టండి. మునగ మాత్రం అక్కడ వద్దు, ఎప్పుడూ తడిగా ఉండే చోట దాని వేరు కుళ్లుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఆకుకూర మళ్లకు పోయండి. బట్టలుతికిన సర్ఫు నీళ్లు ఆకుకూరల దగ్గరికి రానివ్వకండి. మడి మీద వేరుశనగ పొట్టో ఎండుటాకులో రెండంగుళాల మందాన పరిస్తే నీళ్లు బాగా ఆదా అవుతాయి. రోహిణీ కార్తె వచ్చేసరికి ఆకుకూర మళ్లు వదిలేసి మునగ, కరివేపాకు, దొండ, అరటి మాత్రం కాపాడుకుంటే చాలు. ఎండలో అన్నీ బతికించాలని పంతం పడితే అన్నీ పోతాయి.

ఇంకో మాట, ఉదయగిరి, వరికుంటపాడు వైపు, అటు కనిగిరి వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. మీరు పెట్టే మొదటి ఖర్చు నీళ్ల పరీక్షకు పెట్టండి. ఆ నీళ్లు తాగే ఊళ్లో సున్నం, సి విటమిను ఉన్న తిండి మరింత అవసరం, అంటే మునగాకు, ఉసిరి, నిమ్మ, జామ. తోట ఉందని మంచినీళ్ల సంగతి వదిలేయకూడదు.

ఎరువుకు జీవామృతం చాలు. ఇరవై లీటర్ల నీళ్లలో కిలో పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో రెండు రోజులుంచి, పొద్దునా సాయంత్రం కలియబెట్టి, పదింతల నీళ్లు కలిపి మొక్కల మొదళ్లలో పోయాలి. వారంలోపు వాడెయ్యాలి. పేనుబంకకు వేపగింజల కషాయం కొట్టుకుంటారు.

విత్తనం దగ్గర మాత్రం గట్టిగా పట్టుబట్టండి. కొట్లో హైబ్రిడ్ ప్యాకెట్టు మొలుస్తుంది, కాస్తుంది, కాదనను. దాని గింజ మళ్లీ వేస్తే మాత్రం అదే కాయ రాదు. మరుసటి ఏడు మళ్లీ మీలాంటివాళ్లు ఎవరైనా పంచాలి. నాటు విత్తనం వేయించి, దాచుకోవడం నేర్పండి. బీర, సొర మొదటి కాయలు కోసుకుని తిని, రెండో విడతలో తీగ నడిమిన కాసిన మంచి కాయను తీగమీదే ముదరనివ్వాలి. గిలకరిస్తే లోపల గింజ మోగాలి. టమాటా అయితే పండిన పండు పిసికి గింజను ఒకటి రెండు రోజులు దాని రసంలోనే వదిలి, పైన నురగ కట్టాక కడిగి నీడన ఆరబెట్టాలి. మా పెద్దవాళ్లు సొర, గుమ్మడి గింజలను పచ్చి పిడకకు అద్ది గోడకు కొట్టేవాళ్లు, పురుగు పట్టేది కాదు. అలసంద, చిక్కుడు గింజలకు బూడిద పట్టించి వేపాకు వేసి కుండలో మూత కడితే మళ్లీ స్వాతి దాకా ఉంటాయి. ఒక ఇంట్లో విత్తనం నిలిచిందంటే ఆ చుట్టుపక్కల పదిళ్లకు పాకుతుంది. వాయనంలో పసుపు కుంకుమతో పాటు గుప్పెడు గింజలు ఇచ్చి పంపే ఇళ్లు నాకు తెలుసు.

ఇక చదువు. ఈ జిల్లాలో చదువుకూ తిండికీ సంబంధం చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. 1990ల మొదట్లో ఇక్కడ అక్షరాస్యత తరగతులు నడిచాయి. రాత్రి పూట లాంతరు ముందు కూర్చున్న కూలి ఆడవాళ్లు వాచకంలో సారా వల్ల చితికిన ఒక కాపురం గురించి చదివారు. చదివి, ఇది మా ఇంటి కథే కదా అన్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా ఊళ్లోకి రానివ్వలేదు. అది జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబరుకు సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా పోయింది. తర్వాత నిషేధం సడలింది, అది వేరే సంగతి. సారాకు పోయే డబ్బు ఇంట్లో ఆగిన రోజుల్లోనే రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. ఇవాళ రాష్ట్రంలో ఊరూరా కనిపించే పొదుపు సంఘాలకు నెల్లూరు దారి చూపింది. ఎవరూ వాళ్లకు బియ్యం పంచలేదు. చదివింది తమ బతుక్కు అన్వయించుకునే అవకాశం దొరికింది, పదిమంది ఒకచోట కూర్చునే వేళ దొరికింది.

అందుకే మీ సాయంత్రం బడి పిల్లలకు మాత్రమే కాకూడదు. ఆరో తరగతి దాటిన పిల్లల చేత తల్లికి తోట పద్దు రాయించండి. ఒక వందపేజీల పుస్తకం చాలు. ఇవాళ పెరట్లో ఏం కోశాం, ఎంత తూగింది, సంతలో దాని ధర ఎంత. నెలాఖరుకు కూడిక పిల్ల వేస్తుంది, తల్లి చూస్తుంది. చదువు రాని తల్లి కూడా అంకెలు గుర్తుపట్టడం అక్కడే మొదలుపెడుతుంది, ఎందుకంటే అవి తన అంకెలు. తోట సరిగా నడిచిన ఇంట్లో నెలకు ఆరేడు వందలు సంతకు పోకుండా ఆగడం నేను చూశాను. ఆ డబ్బు కళ్లకు కనబడదు, అందుకే మామూలుగా ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. పద్దు రాస్తేనే అది డబ్బని తెలుస్తుంది. అందులో సగం సంఘంలో పిల్ల పేరు చెప్పి పొదుపు వేయించండి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లను మాన్పించేది పెద్ద పెద్ద కారణాలకు కాదు. బస్సు ఛార్జీకి, నోటుపుస్తకాలకు, ఇంకో జత బట్టలకు.

తోట వచ్చినంత మాత్రాన అందరి పళ్లెంలోకీ కూర రాదు, దీన్ని కూడా చదువులో భాగంగానే చెప్పాలి. మన ఇళ్లలో మగవాళ్లు, మగపిల్లలు తిన్నాక మిగిలిన పులుసుతో తల్లీ కూతురూ కానిచ్చేస్తారు. రక్తం తక్కువున్నది ఎవరికో సర్వే చెప్పింది కదా. సంఘం మీటింగులో ఒకసారి ఒక దబర నిండా ఆకుకూర పప్పు వండించి, ఇంట్లో ఎవరికెంత వడ్డిస్తారో అలాగే పళ్లేల్లో వడ్డించి చూపించమనండి. చెప్పక్కర్లేకుండానే వాళ్లకే తెలిసొస్తుంది. కూర వండగానే ముందే అందరి వాటా గిన్నెల్లో తీసి పెట్టడం అనే ఒక్క అలవాటు చేయిస్తే చాలు. ఆకుకూరలో చెంచాడు నూనె పడాలి, లేకపోతే అందులోని ఎ విటమిను ఒంటికి సరిగా పట్టదు. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. భోజనమైన వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పడదు. ఇవి ఎవరైనా చెప్పగలిగిన ముక్కలే, చెప్పేవాళ్లు లేక తెలియవు. ఆరు నెలలు నిండిన బిడ్డకు పప్పులో మెత్తగా మెదిపిన ఆకుకూర, చుక్క నూనె వేసి అన్నం పెట్టవచ్చునని చాలామంది తల్లులకు నమ్మకం లేదు, అరగదని భయం. అంగన్‌వాడీ టీచరమ్మను కూర్చోబెట్టి చెప్పించండి.

వలస పోయే ఇళ్లకు ఈ పద్ధతంతా సరిపోదు. కోతలకు డెల్టాకో, ఇళ్ల పనులకు చెన్నైకో బెంగళూరుకో మూడు నాలుగు నెలలు పోయేవాళ్లకు మళ్లు ఎవరు తడుపుతారు? వాళ్లకు మునగ, కరివేపాకు, నిమ్మ లాంటివి రెండు మొక్కలు చాలు, పక్కింటివాళ్లు చూస్తారు. వాళ్లకు అసలు కావలసింది పిల్లల్ని తీసుకుపోకుండా ఉంచగలిగే చోటు. హాస్టలులో సీటు, మధ్యలో మానేసిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయంలో సీటు ఇప్పించడానికి దరఖాస్తు నింపి, వెంటబడి తిరిగే మనిషి ఒకరుండాలి. అసలు జాగానే లేని ఇళ్లూ ఉంటాయి. వాళ్లకు సిమెంటు సంచుల్లో బచ్చలి, పాత పెయింటు బకెట్లలో వంగ, మిరప. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటే బడి ఆవరణలో గోడవారగా ఒక తోట వేసి, అక్కడి కూర మధ్యాహ్న భోజనంలోకి పోయేలా చూడవచ్చు. సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారో ముందే తేల్చుకోండి. బడి తోటలు పోయేది వేసవి సెలవుల్లోనే.

మీ డబ్బు సంగతికొస్తే, మొదటి ఏడు అరవై ఇళ్లూ వద్దు. పన్నెండో పదిహేనో ఇళ్లు, తామై ముందుకొచ్చినవాళ్లతో మొదలుపెట్టండి. సగానికి పైగా డబ్బు మనిషి మీద పెట్టండి. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న కోడలో కూతురో ఒకరు దొరుకుతారు. ఆమెకు ఏడాది పాటు నెల నెలా జీతంలా ఇవ్వండి, సాయంత్రం గంటన్నర పిల్లలకు చదువు, వారానికోసారి ఇళ్లు తిరిగి తోటలు చూడటం, నెలకోసారి సంఘం మీటింగులో పద్దులు చదవడం ఆమె పని. రానూపోనూ ఊరికి వచ్చి ఫొటోలు తీసుకుని పోయే పట్నం వాలంటీరు ఈ పని చేయలేరు. మిగిలినదాంట్లో నీళ్ల పరీక్ష, గోతులకు కంకర, పుస్తకాలు, కొద్దిగా విత్తనం. విత్తనానికి పట్టే డబ్బు అన్నిటికంటే తక్కువ, చూసి ఆశ్చర్యపోతారు. సలహాకు నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, మీకు ప్రకాశం జిల్లా దగ్గరైతే దర్శి కేంద్రం. గ్రామ సమాఖ్య అంటే ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసినది, దాని పనులు చూసే యానిమేటరును మొదటి రోజు నుంచే కలుపుకోండి, ఆమెను దాటి పోతే ఏదీ నిలవదు.

హస్త కార్తెలోపే ఒకసారి ఊరికి వెళ్లండి. విత్తనాల గురించి మీరు ముందు ఎత్తకండి. సంఘం మీటింగులో కూర్చుని వాళ్లు ఏమడుగుతారో వినండి. బోరు బాగు చేయించమన్నా, బస్సు వేయించమన్నా ముందు ఆ పని పట్టించుకోండి, తోట మాట తర్వాత వాళ్లే వింటారు. నీళ్ల పరీక్ష రిపోర్టు, ఏ ఇంటికి ఎన్ని అంకణాల ఖాళీ ఉందన్న లెక్క వచ్చాక ఇక్కడే రాయండి, ఏ ఇంటికి ఏం నాటాలో కలిసి చూద్దాం. నాటు బీర, చుక్కకూర, మటిక్కాయ విత్తనం నా దగ్గర ఉంది. పదిహేనిళ్లకు సరిపోతుంది, దసరాలోపు పంపిస్తాను.